మూడు తెరల మావయ్య

భిలాయి సెక్టర్ 2లో ఉండే మా మావయ్య ఫోను, ట్యాబు, కంప్యూటరు మూడు వేర్వేరు కంపెనీలవి. ఒకదాంట్లోని ఫోటో ఇంకోదాంట్లోకి వెళ్ళేది కాదు. అందుకని ఫోను తెరను ట్యాబుతో ఫోటో తీసి దాచుకునేవాడు. నేను నేర్పబోతే, "ఛోడ్‌రా, వదిలెయ్! కేబులెందుకు, ట్యాబుకి కన్నుంది కదేటి?" అనేవాడు.

ఆయన పోయాక, దినానికి పటం కట్టించాలంటే ఫోటో లేదు. ఉన్నవన్నీ అత్తవే, తీసింది ఆయన కదా. చివరికి ట్యాబులో ఒకటి దొరికింది. ఫోను తెర మీద అత్త నవ్వుతోంది. నిగనిగలాడే ఆ తెరలోనే, ఒక కన్ను మూసి గురిచూస్తున్న మావయ్య నీడ కూడా స్పష్టంగా పడింది.

దాన్నే కట్టించాం. నేను దండ పట్టుకుని లేచేసరికి అత్త అడ్డుపడింది.

"ఆగరా బాబూ! ఆయనకేస్తే నాకూ ఏసినట్టే కదేటి? నానింకా ఉన్నాను."

ఆ పటానికి ఇప్పటికీ దండ లేదు.