అడ్డం పడే బండి

"అడ్డం పడ్డానికి వెళ్తే మన రోబో చెయ్యి విరుగుతుంది మేస్త్రీ గారూ! ఐదు నెలల కష్టం గంగపాలవుతుంది."

ఆ మాటన్నది మందుల కంపెనీ ల్యాబులో పనిచేసే ఒక తల్లి. విన్నది బ్రేకు మేస్త్రీ. ముప్పయ్యేళ్లు లేత్ మీద ఇనుము చెక్కి, ఇప్పుడు బడి వర్క్‌షాపులో పిల్లల చేత రోబోలు చేయిస్తున్నాడు. బండి ఆగడం చూపిస్తేగానీ నడవనివ్వడు. ఆ పేరు అలా వచ్చింది.

బడుల రోబో పోటీలో సెమీఫైనల్‌కి ఇంకా పది నిమిషాలున్నాయి. మేస్త్రీ బల్ల మీద సుద్దతో గీశాడు.

"వాళ్ల రెండు బండ్లూ కలిసి ఆటకి పదహారు బంతులు బుట్టలో వేస్తున్నాయి. మనదీ, మనతో జోడీ కట్టిన బడి బండిదీ కలిపి పదమూడే. మన బండి వెయ్యడం మానేసి వాళ్ల పెద్ద బండికి అడ్డం పడితే మనకి జోడీ వేసే ఎనిమిది, వాళ్లకి ఆరు. చదువుకున్నదానివి, తప్పుంటే చెప్పు."

తప్పు లేదు. అందుకే ఆమెకు ఒళ్లు మండింది. "మా పిల్ల విసిరే చెయ్యి చేసింది, గోడ కట్టలేదు!"

"అమ్మా, మేస్త్రీ తాతతో నేనే సరేనన్నాను. నువ్వెళ్లి కూర్చో," అంది పిల్ల, రిమోట్ తీసుకుంటూ.

ఎదుటి బండిని గోడకి ఆనించి ఐదు సెకన్లు దాటితే జరిమానా. నాలుగు లెక్కపెట్టి వెనక్కి తగ్గడం మేస్త్రీ నెల రోజులు నేర్పాడు. పిల్ల మూడుసార్లు పట్టింది, మూడుసార్లూ వదిలింది. నాలుగోసారి తల్లి ఆగలేకపోయింది. అడ్డుకోవద్దని పోట్లాడిన మనిషే కుర్చీ ఎక్కి అరిచింది.

"వదలకే! నొక్కిపట్టు!"

పిల్ల తల తిప్పింది. లెక్క తప్పింది. ఈల మోగింది. జరిమానా కింద ఎదుటివాళ్లకి ఐదు బంతులు కలిపారు. ఎనిమిదికి పదకొండు. ఫైనల్ చేజారింది.

"రిఫరీకి కళ్లు లేవా?" అని ఆమె విరుచుకుపడబోయింది. మేస్త్రీ అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. ముఖం కందగడ్డలా ఉంది.

"రిఫరీ జోలికెళ్లకు. ఆ పిల్ల నాలుగు దాకా లెక్కపెట్టింది. ఐదోది నీ నోరు మింగేసింది!"

పిల్ల తల వంచుకుని బ్యాటరీ విప్పుతోంది. సాయం చేద్దామని తల్లి చెయ్యి చాపింది.

"ఆ చెయ్యి తియ్యమ్మా," అన్నాడు మేస్త్రీ, కోపం ఇంకా దిగకుండానే. "చెప్పాల్సిందంతా ఆటకి ముందు చెప్పు. పోట్లాడు, నాతోనైనా సరే. రిమోట్ దాని చేతికెళ్లాక మాత్రం, అది అడిగేదాకా నోరు విప్పకు."

ఆ తర్వాత ఏ పోటీకి వెళ్లినా ఆమె పళ్లు బిగించుకునే కూర్చుంటోంది.