మిల్లు సంగు మళ్లీ కూసిన మధ్యాహ్నం

ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండి. కాళ్లు చాపుకోవాలంటే చాపుకోండి. చేతిలో పనుంటే చేసుకుంటూనే వినండి, చెప్పేది మా ఇంటి సంగతే.

ముందే ఒక మాట. నేను దయ్యాలను నమ్మే మనిషిని కాను. తమిళ సీమలోని మా సింగానల్లూరులో, మిల్లువాళ్లు పనివాళ్లకు వరసగా కట్టించిన లైనిళ్లలో చీకటిపడితే కుళాయి దగ్గర ఎవరో నిలబడుతున్నారని ఆడవాళ్లు చెప్పుకుంటుంటే, "మళ్లీ కనిపిస్తే నా దగ్గరికి పంపండి, రెండు బిందెలు మోయిస్తాను" అనేదాన్ని. మా ఆయన పోయాక ఆయన కూడా నాకు కలలో తప్ప కనిపించలేదు. కలలోనూ ఎక్కువగా అగ్గిపెట్టె వెతుక్కుంటూనే కనిపించేవారు.

ఇది నా మనవరాలు హరిణి ప్రాణం మీదికి వచ్చిన రోజు సంగతి. ఆమె ఇప్పుడు బాగుంది. వినేవాళ్ల గుండె అదరకూడదని ముందే చెప్పేస్తున్నాను.

మా ఆయన నూలు మిల్లులో పనిచేసేవారు. మిల్లులో సైరన్ ఉండేది, దాన్ని మేమందరం సంగు అనేవాళ్లం. అది కూస్తేనే మాకు పొద్దు, అది కూస్తేనే మధ్యాహ్నం. మా ఇంట్లో గోడ గడియారం ఉండేది గాని దాన్ని ఎవరూ చూసేవారు కాదు, దానికి కీ ఇవ్వడం కూడా మరిచిపోయేవాళ్లం.

మా సంగుకు ఒక జబ్బుండేది. ఒక వానాకాలం పిడుగు పడి చెడిపోతే బాగు చేయించారు. అప్పటినుంచీ అది పొడుగ్గా కూసి, దిగుతూ దిగుతూ ఆగిపోయి, మళ్లీ కాస్త లేచి, ముసలాయన గొంతు సవరించుకున్నట్టు ఖళ్లుమని ఆరిపోయేది. చుట్టుపక్కల ఎన్ని మిల్లులున్నా మా సంగును చంటిపిల్లలు కూడా పోల్చుకునేవారు.

మధ్యాహ్నం సంగు కూస్తే లైనిళ్లన్నిటిలో ఒక్కసారే పొయ్యి మీదనుంచి అన్నం దిగేది. అన్నం తూక్కులో సర్దుకొని ఆడవాళ్లం మిల్లు గేటుకు నడిచేవాళ్లం. తూక్కు అంటే పైన పట్టుకునే కమ్మి ఉన్న గిన్నె, మీరు క్యారేజీ అంటారే, అదే. దారంతా నవ్వులు, కోడళ్ల మీద చాడీలు. ఒకరి తూక్కులోని కూర వాసన పట్టి ఇంకొకరు పేరు చెప్పేవాళ్లు. గేటు పక్కన వేపచెట్ల కింద మగవాళ్లు తల మీద దూది దులుపుకుంటూ వచ్చి కూర్చునేవారు. ఆ దూది దులిపే చేతులు నాకిప్పటికీ కళ్లముందే ఉన్నాయి.

మాలో ఒక కట్టుబాటు ఉండేది. గేటుకు పోయిన తూక్కు నిండుగా ఇంటికి తిరిగి రాకూడదు. మొగుడు అలిగినా సరే, తినేదాకా పెళ్లాం అక్కడే కూర్చోవాలి. పక్కింటి సరోజ మొగుడు ఒకసారి పులుసులో ఉప్పు లేదని మొహం తిప్పుకున్నాడు. సరోజ కొంగు పరుచుకొని గేటుకు అడ్డంగా కూర్చుంది. "నువ్వు తినేదాకా నేను లేవను. సంగు కూసినా లేవను. మీ సూపర్‌వైజరు నన్ను దాటుకొని పోనీ, చూస్తా" అంది. మిల్లు మిల్లంతా నవ్వింది. అతను తిన్నాడు.

మా ఇంటి తూక్కు ఒకే ఒక్కసారి నిండుగా తిరిగొచ్చింది. ఆ రోజు నేను గేటు చేరేసరికే మా ఆయనను గుండెనొప్పి అని ఆసుపత్రికి తీసుకుపోయారు. ఆయన మరి రాలేదు. ఆ అన్నం ఎవరు పారబోశారో నాకు గుర్తులేదు. తూక్కు బరువు మాత్రం చేతికి గుర్తుంది.

తర్వాత మిల్లు మూతపడింది. సంగును దించి పాత ఇనుముకు అమ్మేశారు, దాన్ని లారీ ఎక్కిస్తుంటే నేను చూశాను. ఇప్పుడక్కడ పెద్ద పెద్ద ఫ్లాట్లున్నాయి. హరిణి పుట్టింది మిల్లు మూసిన చాలా ఏళ్లకు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

హరిణి నా కొడుకు రంగరాజు కూతురు. రంగరాజుకు చిన్న లేత్ పట్టడై, అంటే వర్క్‌షాపు, ఉంది, మోటారు పంపులకు సామాన్లు చేస్తాడు. మా వంశంలో కాలేజీ మెట్టు ఎక్కినవాళ్లే తక్కువ. అలాంటిది ఈ పిల్లకు డాక్టరు సీటు వచ్చింది. నా కొడుకు సంతోషం పట్టలేక ఇత్తడి రేకు మీద తన చేత్తో అక్షరాలు కోసి, డాక్టర్ హరిణి అని పలక చేసి వీధి తలుపు పైన బిగించేశాడు. పిల్ల అప్పటికి మొదటి ఏడు చదువుతోంది.

ఇక మా వీధి ఊరుకుంటుందా. పిల్ల సెలవుకు ఇంటికొస్తే చాలు, సరోజ మోకాలు ముందుకు పెట్టేది. "డాక్టరమ్మా, ఇది చూడవే. నీకు ఫీజు కావాలంటే జంతికలు ఇస్తా." మొదట్లో హరిణి నవ్వేది. రెండో ఏడు వచ్చేసరికి వీధి తలుపు మాని, బట్టలు ఉతికే రాయి పక్కనుంచి పెరటి తలుపున లోపలికి రావడం మొదలుపెట్టింది. ఎందుకే అంటే, "ఒన్నుమిల్లె అవ్వా" అని తమిళంలో అనేసి, ఏమీ లేదన్నట్టు చేయి ఊపేది. తర్వాత రావడమే తగ్గించింది. ఫోను చేస్తే పరీక్షలుండాయి అనేది. గొంతు సన్నబడిపోయింది.

ఆ రోజు రంగరాజు, కోడలు కారమడైలో పెండ్లికి పోయారు. ఇంట్లో నేనొక్కదాన్నే. బియ్యం, కందిపప్పు కలిపి మా వైపు చేసే అన్నం పొయ్యి మీద పెట్టాను. ఒక్కదానికి చారెడు చాలు, చేయి ఎందుకో ఎక్కువే పోసింది.

అప్పుడు సంగు కూసింది.

రేడియోలో కాదు, కలలో కాదు. చేతిలో గరిటె ఉంది, గిన్నెలో అన్నం కుతకుతలాడుతోంది. పొడుగ్గా కూసి, దిగి, ఆగి, మళ్లీ లేచి, ఖళ్లుమని ఆరిపోయింది. నా చేతులు వాటంతటవే అన్నం దించేశాయి. ఆ తర్వాత నాకు తెలివొచ్చింది, మిల్లే లేదు కదా అని.

గోడ మీదుగా సరోజను పిలిచి అడిగాను. "సంగా? నీకు చెవుల్లో కూస్తోంది వదినా. హరిణి వచ్చినప్పుడు చూపించుకో" అంది.

హరిణి పేరు వినగానే నేను లోపలికి వచ్చేశాను. ఫోను చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. ఎత్తలేదు. తరగతిలో ఉందేమో అనుకోవాలి, అనుకోలేకపోయాను. అటక మీదనుంచి పాత తూక్కు దించి కడిగాను. దాని మూతను పట్టి ఉంచే బిళ్ల వదులైపోయి ఉంటే గుడ్డపీలికతో కట్టి, అన్నం సర్దుకొని బయలుదేరాను. సంగు కూసింది, అన్నం పోవాలి. అంతకు మించి నేనేమీ ఆలోచించలేదు.

ఆ హాస్టలు ఊరికి అవతలి పక్క. చేర్పించిన రోజు తప్ప నేనెప్పుడూ పోలేదు. టౌను బస్సు ఎక్కి, గాంధీపురంలో దిగి, ఇంకో బస్సు పట్టుకున్నాను. ఒళ్లో తూక్కు వేడి చీరలోంచి తొడకు తగులుతూనే ఉంది.

హాస్టలు గేటు దగ్గర సిమెంటు బెంచీ మీద హరిణి కూర్చొని ఉంది. తల దువ్వుకోలేదు, కాళ్లకు చెప్పుల్లేవు. నన్ను చూసి లేవను కూడా లేదు.

"నువ్వు ఎట్ల వస్తివి అవ్వా?"

"బస్సులో వస్తిని. తిను."

"ఆకలి లేదు."

"నిండు తూక్కు పట్టుకొని నేను ఇంటికి పోను కణ్ణు. నువ్వు తినేదాకా ఈడనే ఉంటా. రాత్రికి నీ మంచం మీదే పడుకుంటా, గురక పెడతా."

కాపలా ఆయన తమిళాయన. చూడటానికి వచ్చేవాళ్లు సాయంకాలమే రావాలని మొదట అడ్డం చెప్పాడు, మూత తీసేసరికి వాసన పట్టి మెత్తబడ్డాడు. "ఆ పాప చాలాసేపటి నుంచి ఇక్కడే కూర్చుంది పాటి, లోపలికి పొమ్మన్నా పోలేదు" అన్నాడు. పాటి అంటే వాళ్ల మాటలో అవ్వ.

పిల్ల ఒక ముద్ద తిన్నది. రెండో ముద్ద చేతిలో ఉండగానే ఏడుపు వచ్చేసింది. పరీక్షల్లో తప్పిందట. నెలల తరబడి నిద్ర లేదట. తోటిపిల్లలందరికీ అన్నీ వచ్చునట, తనకే ఏమీ తలకెక్కదట. "తలుపు మీద ఆ పలక ఉండాది కదా అవ్వా. దాని కిందనుంచి నేను ఎట్ల లోపలికి వస్తాను?"

నేను చదువుకున్నదాన్ని కాను. చుట్టు తిప్పి అడగడం నాకు రాదు. "చచ్చిపోదామనుకుంటివా?" అని అడిగాను.

పిల్ల నా వైపు చూసి తల ఊపింది.

"ఈ పొద్దేనా?"

మళ్లీ ఊపింది. ఎలా అన్నది నేను అడగలేదు, ఇప్పుడు చెప్పను కూడా. అరవలేదు, ఏడవలేదు. పిల్ల ఎడమచేయి పట్టుకొని వదల్లేదు. మీ ఆసుపత్రిలో మనసుకు వైద్యం చేసే డాక్టరు ఎవరున్నారు అన్నాను.

"ఉండారు. నేను పోను. నా జతవాళ్లు చూస్తే ఏమనుకుంటారు?"

"పైత్యం మా అవ్వకు అని చెప్పు. మిల్లు మూసి ఇన్నేళ్లయితే ఈ పొద్దు సంగు కూసిందంటుంది, చూడండి అని చెప్పు. అబద్ధం కూడా కాదు."

నవ్వుతుందని అన్నాను. నవ్వలేదు. ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"నువ్వూ విన్నావా?" అంది.

గదికి గడియ పెట్టుకొని ఉండగా తనకు ఏదో సైరన్ వినిపించిందట. అంబులెన్సు కాదట, అంబులెన్సులు రోజూ వింటుంది. అందరూ పరుగెడుతున్నారేమోనని తలుపు తీసి వరండాలోకి వచ్చిందట. ఎవరూ కదల్లేదు. కిందికి దిగి కాపలా ఆయనను అడిగితే ఏ సైరనూ లేదన్నాడట. తిరిగి పైకి పోదామంటే కాళ్లు రాలేదట. ఎవరో వస్తున్నారు, ఇక్కడే కూర్చోవాలి అనిపించిందట.

ఎట్లా కూసింది అని అడిగాను. పిల్ల చేయి పైకెత్తి, మెల్లగా దించి, ఆపి, మళ్లీ కాస్త ఎత్తింది. "చివర్లో ఎవరో దగ్గినట్టు ఉన్నది అవ్వా" అంది.

గిన్నె ఖాళీ అయ్యేదాకా కూర్చున్నాను. చివరి రెండు ముద్దలు కాపలా ఆయన సాయం పట్టాడు. తర్వాత ఖాళీ తూక్కు పట్టుకొని నేను ముందు నడిచాను, పిల్ల నా వెనక వచ్చింది.

ఆ డాక్టరమ్మ ఆ మధ్యాహ్నమే చూసింది. ఇది జబ్బు, దీనికి మందుంది, సిగ్గుపడే పని లేదు అంది. పిల్లను ఒంటరిగా వదలొద్దని నాతో చెప్పి, మా కొడుకుకు తానే ఫోను చేసింది. రంగరాజు పెండ్లి చొక్కాతోనే పరుగెత్తుకొచ్చాడు. ఆ సాయంత్రం ఇంటికి రాగానే స్క్రూడ్రైవరు తెచ్చి పలక విప్పేశాడు. "నీ పేరు హరిణి. అది చాలు కణ్ణు" అన్నాడు. పిల్ల వీధి తలుపునే లోపలికి వచ్చింది.

కొన్నాళ్లు చదువు ఆపింది. మందులు మింగింది, వారం వారం ఆ డాక్టరమ్మతో మాట్లాడింది. నిద్ర మెల్లమెల్లగా తిరిగొచ్చింది. మధ్యలో మళ్లీ చెడ్డ రోజులు కూడా వచ్చాయి, వచ్చినప్పుడల్లా నోరు తెరిచి చెప్పింది. ఇప్పుడు హౌస్ సర్జన్‌గా చేస్తోంది. హాస్టల్లో అన్నానికి రాని పిల్ల ఉంటే, హరిణి, దాని జతవాళ్లు కంచం పట్టుకొని పోయి తలుపు తట్టి, తినేదాకా పక్కన కూర్చుంటారట. ఎవరు నేర్పారే ఇది అంటే, "సరోజవ్వ" అంటుంది.

సంగు సంగతి రంగరాజుతో చెప్పాను. "నువ్వే చిన్నప్పుడు కథ చెప్పి ఉంటావమ్మా, పిల్లకు గుర్తుండిపోయింది" అన్నాడు. చెప్పి ఉండవచ్చు. సంగు ఉండేదని చెప్పే ఉంటాను. ఆ చివరి దగ్గు గురించి చెప్పానా అని ఎంత తవ్వుకున్నా గుర్తు రావడం లేదు. మరి నా జ్ఞాపకం అంత చెడ్డది కాదు. ఒకవేళ చెప్పినా, ఒకే పూట ఊరికి ఈ చివర నాకూ ఆ చివర దానికీ అది ఎందుకు వినిపించాలి? మా ఆయనే కూయించారని సరోజ అంటుంది. నేను అవుననలేదు, కాదనలేదు. నాకు తెలియదు. ఈ పొద్దుకీ తెలియదు.

ఆ ఇత్తడి పలకను రంగరాజు కోసి, తూక్కుకు కొత్త బిళ్ల చేశాడు. గుడ్డపీలిక అవసరం ఇక లేదు.

సరే, లేవండి, పొద్దుపోయింది. మీ ఇంట్లో ఏ పిల్లయినా పెరటి తలుపున రావడం మొదలుపెడితే, పక్కన కూర్చొని తిన్నగా అడగండి. మీ పొయ్యి మీద అన్నం ఉడికినన్నాళ్లూ తినేవాళ్లందరూ వచ్చి కూర్చోవాలి. మీ గడప దాటిన తూక్కు ఏ పూటా నిండుగా తిరిగి రాకూడదు. సల్లగా ఉండండి.