బ్రేకు పట్టిన చెయ్యి

గుండెపోటు వచ్చిన పొద్దున యిర్మియా చేసిన తప్పు ఒక్కటే. ఛాతీలో మంట మొదలైతే సోడా తాగి డ్యూటీకి పోయాడు. బొగ్గుబాయి పని చేసేవాళ్ళు ఎవరైనా అదే చేస్తారు. ఇంట్లో పడుకుంటే మస్టర్ పడదు, అంటే ఆ రోజు హాజరు పోయినట్టే. డ్యూటీకి పోయాక జబ్బు పడితే మస్టరన్నా మిగులుతుంది. స్ట్రెచర్ మీద మోసుకుపోతుంటే కూడా కళ్ళు తెరిచి "నా మస్టర్ పడ్డదా?" అని అడిగాడట. ఆ మాట గోదావరిఖనిలో అన్ని షిఫ్టులూ తిరిగింది. దవాఖానకు చూడవచ్చిన ప్రతివాడూ పండ్ల కవరు మంచం మీద పెట్టి, "మస్టర్ పడ్డది కాకా, ఇగ నిమ్మలంగ పండుకో" అనేవాడు.

యిర్మియాది హాలేజీ ఆపరేటర్ పని. బాయి నోటి దగ్గర ఇంజన్ గదిలో కూర్చుని, ఇనుప తాడుకు కట్టిన బొగ్గు టబ్బులను ఏటవాలు దారిలో లోపలికి దించుతాడు, పైకి లాగుతాడు. కింద ఏం జరుగుతున్నదో అతనికి కనపడదు. లోపలి నుంచి గంట మోగుతుంది. ఒక్క గంట మోగిందంటే బ్రేకు వేసి ఆపాలి. ఏళ్ళ తరబడి ఆ గంట కొడుతున్నవాడు పోశం. పనిలో ఉన్నంతసేపూ ఒకరి ముఖం ఒకరికి కనపడదు కానీ, బయటికొస్తే ఇద్దరికీ నోరు తెరిస్తే "బావా" అనే పిలుపే.

స్టెంటు వేసి ఇంటికి పంపాక అసలు పేచీ మొదలైంది. ఇంకా ఏడాది సర్వీసు ఉండగానే దిగిపోతానని యిర్మియా జబ్బు పడకముందే దరఖాస్తు పెట్టి ఉన్నాడు. కావాలంటే నెలాఖరులోగా వాపసు తీసుకోవచ్చు. మొగుడు బతికొచ్చాడు, ఇక దిగిపోవడమే అనుకున్నది భార్య సుగుణమణి. కంపెనీ క్వార్టర్ ఖాళీ చేయాలి కాబట్టి బసంత్‌నగర్‌లో తన చెల్లెలింటి పక్కన కిరాయి ఇల్లు కూడా చూసి వచ్చింది. ఇప్పుడు యిర్మియా అడ్డం తిరిగాడు.

"అందరు జబ్బు చేస్తే దిగిపోతరు. నీకేమో గుండెపోటు వచ్చినంక డ్యూటీ మీద పానం కొట్టుకుంటున్నది," అన్నది సుగుణమణి.

"డ్యూటీ మీద ఉన్న కాబట్టే బతికిన. ఇంజన్ రూంల పడితే నలుగురు ఉరికొచ్చి మోసిన్రు. అదే ఇంట్ల పడితే? నువ్వు కూరగాయలకు పోయి ఉంటవ్. వచ్చి చూసేసరికి సల్లబడి ఉంట."

"ఏం మాటలవి."

"ఉన్న మాటే."

ఆమె స్నానానికి పోయినంతసేపూ అతను వాకిలి తలుపు తీసి, గడప దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. అడిగితే గాలి కోసం అనేవాడు.

ఆదివారం సాయంత్రం క్వార్టర్ ముందు టెంటు వేసి కృతజ్ఞత కూడిక పెట్టారు. బతికి బయటపడ్డ మనిషి అందరి ముందూ నిలబడి దేవుడు చేసిన మేలు చెప్పుకోవాలి. దాన్ని సాక్ష్యం చెప్పడం అంటారు. పాటలూ ప్రార్థనా అయ్యాక యిర్మియా లేచాడు.

"టబ్బులు దిగుతున్నయ్. కింద మా పోశం బావ ఉన్నడు. నాకు కండ్లు మూతపడ్డయ్. ఒక్క గంట ఇనబడ్డది. చేతుల బలం లేదు. దేవుడే నా చెయ్యిని తీస్కపోయి బ్రేకు మీద పెట్టిండు. అది పట్టినంకనే పడిపోయిన."

అందరూ ఆమెన్ అన్నారు. సుగుణమణి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. వెనక వరుసలో పోశం తల వంచుకుని చెప్పుకు అంటిన బురద పుల్లతో గీకుతున్నాడు.

భోజనాల్లో అందరికీ బగారన్నం, కోడికూర. యిర్మియాకు రొట్టె, సొరకాయ. "నీ దావత్‌ల నీకే ముక్క లేదు," అన్నాడు పోశం. యిర్మియా నవ్వి, అతన్ని టెంటు వెనక్కి పిలుచుకుపోయాడు.

"రేపు మేనేజర్ కాడికి నువ్వు నాతోని రావాలె బావా. దరఖాస్తు వాపస్ తీసుకుంట. మళ్ల ఇంజన్ మీదనే కూసుంట. గుండె మనిషికి ఇంజన్ ఎట్ల ఇయ్యాలె అంటడు. కింద ఉండేటోనివి నువ్వు. నాకు నమ్మకమున్నదని నువ్వంటే ఇంకెవడు కాదంటడు?"

పోశం అన్నం కలపడం ఆపాడు.

"ల్యాంప్ రూంల దీపాలిచ్చే పని అడుగు, వస్త. క్యాంటీన్ అడుగు, వస్త. ఇంజన్ అంటే రాను."

"ఏమాయె? పానం పొయ్యేటప్పుడు సుత బ్రేకు పట్టినోణ్ని."

"పట్టలే."

యిర్మియా అతని ముఖంలోకి చూశాడు.

"ఒక్క గంట కొట్టిన. తాడు ఆగలే. మళ్ల కొట్టిన. ఆగలే. టబ్బులు నా మీదికే వస్తున్నయ్. పక్కకు గోడల మనిషి దాగే గూడు, మ్యాన్‌హోల్ ఉంటే దాంట్లకు దుంకిన. నన్ను దాటిపోయినంక ఆగినయ్."

"మరి ఆపిందెవరు?"

"ఎలక్ట్రీషియన్ రఘుపతి. నువ్వు పడ్డ సప్పుడుకు ఉరికొచ్చి స్విచ్చు కొట్టి బ్రేకు ఏసిండు. నేను పైకి వచ్చేసరికి నిన్ను అంబులెన్స్‌ల పెడుతున్నరు. ఉంటవో పోతవో తెల్వది. పోయేటోనికి మంచిపేరన్న ఉండాలె గదా అని, బ్రేకు ఏసినంకనే పడ్డడని ఇద్దరం చెప్పినం. నువ్వు బతుకుతివి. బతికి సాక్ష్యం చెప్పవడ్తివి."

"నాకు యాదికున్నది బావా. సల్లగ ఇనుము తాకింది చేతికి."

"స్ట్రెచర్ కడ్డీ కావచ్చు."

వెనక నుంచి గిన్నె చప్పుడైంది. కూర వడ్డించడానికి వచ్చిన సుగుణమణి అక్కడే నిలబడి ఉంది. ఎంతసేపయిందో ఇద్దరూ చూడలేదు.

"నీకు దెబ్బ తాకిందా అన్నా?" అని అడిగింది.

"మోకాలు చెక్కుకపోయింది చెల్లె. మానింది."

ఆమె అతని ప్లేటులో కూర వేసింది. మొగుడి వైపు తిరిగింది. "ఒక్కనివే ఉండాలంటే భయమైతున్నదని నాకు చెప్పొద్దా? తలుపు కాడ కుర్చేసుకుంటే గాలికే అనుకున్ననా నేను?"

యిర్మియా తన కుడిచెయ్యి తిప్పి చూసుకున్నాడు. ఆ చేతిని అన్నేళ్ళూ అందరూ మెచ్చుకున్నారు. మెచ్చుకోవడానికి తగ్గట్టే పనిచేసింది కూడా. ఆ ఒక్క పొద్దున చేయలేదు. ఇంకో పొద్దున చేస్తుందని ఎవరూ పూచీ పడలేరు.

"పైన ఏదన్న పని అడుగుత," అన్నాడు చివరికి. "నలుగురి నడుమ కూసునేది. ఏడాది గడిచినంక నువ్వెక్కడికంటే అక్కడికి."

"ఇంజన్ రూం మొఖం చూడనంటేనే," అన్నది సుగుణమణి. "ఆ కిరాయి ఇల్లు వద్దని మా చెల్లెకు నువ్వే ఫోన్ చెయ్యి. నేను తిట్లు తినలేను."

సోమవారం పోశం వెంట రాగా యిర్మియా మేనేజర్ దగ్గరికి పోయాడు. దరఖాస్తు వాపసు తీసుకుంటానన్నాడు, ఇంజన్ వద్దు, ల్యాంప్ రూం ఇప్పించమన్నాడు. మేనేజర్ వెంటనే ఒప్పుకున్నాడు. పడిపోతూ కూడా బ్రేకు వేసిన మనిషికి ఆ మాత్రం చేయమా అన్నాడు.

"నేను ఏయలే సార్. రఘుపతి ఏసిండు," అన్నాడు యిర్మియా.

మేనేజర్ పోశం వైపు చూశాడు. పోశం తలూపాడు. జరిగింది మొత్తం చెప్పాల్సి వచ్చింది. చెప్పేసరికి ఇద్దరూ చెరో మాట పడ్డారు. ల్యాంప్ రూం మాత్రం ఖాయమైంది.

బయటికి వచ్చాక పోశం గొణిగాడు. "ల్యాంప్ రూం ఎట్లన్న ఇచ్చేటోడు. అది చెప్పుడెందుకు?"

"రేపు నా జాగల ఇంకొకడు కూసుంటడు. వాడు పడితే? ఇంజన్ కాడ రెండో మనిషి ఉండాలని అడగాలంటే ఉన్నది చెప్పాలె. ఊకె ఊకె దుంకనీకి నువ్వేమన్న పోరనివా?"

పోశం బండి స్టార్ట్ చేశాడు. "మరి ఆదివారం చర్చిల ఏం జెప్తవ్?"

"దేవుడు రఘుపతిని పంపిండని చెప్త."

"రఘుపతి శనివారం శనివారం హనుమాండ్ల గుడికి పోయేటోడు."

"పోనీ. స్విచ్చు కొట్టింది రఘుపతే గదా," అని యిర్మియా వెనక కూర్చున్నాడు.