ఏసురత్నం సారు ఒప్పుకోలేదు

మినిట్స్ పుస్తకంలో సారు రాసిన పేజీని చించింది మన స్టడీ సర్కిల్ కన్వీనర్ అన్న. దాని బదులు వేరే పేజీ రాసింది నేను.

ముందు ఇది చెప్పాలనే ఈ పోస్ట్.

నిన్న పొద్దున వేంపల్లెలో బస్సు దిగుతాంటే ఫోన్ మోగింది. సారు కూతురు గ్రేస్ అక్క. “నాయన పోయినాడు శీనా” అనింది. గుండె. టీ తాగుతా తాగుతా పక్కకు ఒరిగినాడంట.

బస్టాండులో ఆడనే కూర్చుండిపోయినా. ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఎవరి మీదనో తెలీలేదు.

మధ్యాహ్నం నెట్ సెంటర్లో మన గ్రూప్ తెరిస్తే తెలిసింది.

కన్వీనర్ అన్న సంతాపం పెట్టినాడు. “సర్కిల్ ప్రతి నిర్ణయంతోనూ చివరిదాకా ఏకీభవించిన క్రమశిక్షణ గల సభ్యుడు” అని. కింద వరసగా జోహార్లు.

అబద్ధం. ఆ అబద్ధానికి సాక్ష్యం నా చేతిరాతలో ఉండాది.

సారు తెలియని వాళ్ళకు చెప్తాండా. ఏసురత్నం సారుది కోడుమూరు. హైస్కూల్లో ఇంగ్లీష్ చెప్పి రిటైర్ అయినాడు. హైదరాబాద్ పోతే ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు వెతికేటోడు. ఇప్పటి చైనా రచయితల కథలు ఇంగ్లీష్‌లో దొరికితే తెచ్చుకుని తెలుగు చేసేటోడు.

నాకు తెలిసిన చైనా అంతా పాంఫ్లెట్లలోది. భూములు పంచిన చైనా. సారు చూపించిన చైనాలో బైపాస్ రోడ్డు కింద పొలం పోయిన రైతు ఉన్నాడు. ఫ్యాక్టరీలో బొమ్మలకు కండ్లు అతికించీ అతికించీ చూపు మసకేసిన పిల్ల ఉండాది.

“వీళ్ళు సర్కారును నేరుగా తిట్టరప్పా. తిడితే పుస్తకం బయటికి రాదు. పంది గురించి రాస్తారు, బావి గురించి రాస్తారు. చదివేటోనికి తెలుస్తాది” అనేటోడు.

సారుతో మన గొడవంతా ఆయన తెలుగు చేసిన ఒక కథ మీద.

ఒక ముసలి రైతు ఏటా అర్జీ పట్టుకుని రాజధానికి పోతాడు. ఏటా ఊరి ఆఫీసర్లు రైల్వే స్టేషన్లోనే పట్టుకుని వెనక్కి తెస్తారు. చివరికి ఆయనకే ఉద్యోగం ఇస్తారు. స్టేషన్లో నిలబడి, దిగేటోళ్ళలో అర్జీలోళ్ళు ఎవరో వేలు పెట్టి చూపించే ఉద్యోగం. ఒక్కరిని కూడా తప్పిపోనీయడు.

అర్జీ పట్టుకున్న మనిషి ఎట్లుంటాడో చూడాలని సారు ఒక సోమవారం నన్ను కర్నూలు కలెక్టరాఫీసుకు తీసుకుపోయినాడు. వరండాలో కూర్చున్నాం. పక్కన ఒక పెద్దాయన, యూరియా సంచిలో చుట్టిన కాగితాలు. సారు కూడా అర్జీ ఇయ్యడానికే వచ్చినాడనుకున్నాడు.

“ఏమప్పా, నీది ఎన్నోసారి?”

“ఇదే మొదులు” అన్నాడు సారు.

“అట్లయితే ఒరిజినల్ ఇయ్యొద్దు. జిరాక్స్ ఇయ్యి. నావి మూడు ఒరిజినళ్ళు మింగినారు.”

సారు ఆ మాటను కథలో చైనా ముసలాయన నోట్లో పెట్టేసినాడు. అట్ల చేయొచ్చునా సార్ అని అడిగితే, ఆయప్ప కూడా వాళ్ళ భాషలో ఇదే అనింటాడు లే అని నవ్వినాడు.

ఇంక ఆ మీటింగ్.

మన ఆచారం మీకు తెలుసు. మన పత్రికలో వేసే ముందు కథను అందరి ముందర చదవాల. చేతులెత్తాల. ఓడిపోయినోడు తన చేత్తోనే మినిట్స్‌లో “ఏకీభవిస్తున్నాను” అని రాయాల. అప్పుడు తీర్మానం ఏకగ్రీవం. దీన్ని మనం శానా గొప్పగా చెప్పుకుంటాం.

చైనాలో ఒలింపిక్స్ అయిపోయిన వారం అది. టీవీలో చూసిన ఆ వేల డ్రమ్ములు ఇంకా నా తలలో మోగుతాండాయి. నేనే లేచినా. ఓటు లేకపోయినా వాళ్ళు రోడ్లు వేసుకున్నారు, ఓటున్న మన ఊర్లకు తాగే నీళ్ళు ట్యాంకర్లో వస్తాయి, ఈ కథ వేస్తే శత్రువు చేతికి కర్ర ఇచ్చినట్లే అన్నా. సారును “పెన్షన్ మేధావి” అని కూడా అన్నా. కొందరు నవ్వినారు.

సారు గొంతు పెంచలేదు.

“వాళ్ళు రోడ్లు వేసినారు శీనా, నిజమే. మనకు ఓటుండీ నీళ్ళు రాలేదు, అదీ నిజమే. ఆ ముసలాయన అర్జీ యాడ ఇయ్యాలో చెప్పు.”

కథ వేయొద్దని చెయ్యి ఎత్తినా. మొత్తం తొమ్మిది చేతులు లేచినాయి.

పుస్తకం సారు ముందర పెట్టినారు. అద్దాలు తుడుచుకుని రాసినాడు. “నేను ఒప్పుకోలేదు. ఈ కథలో అబద్ధం ఏముందో ఎవరూ చెప్పలేదు.” సంతకం పెట్టి, అందరికీ నమస్తే చెప్పి, బస్సుకు టైమయిందని పోయినాడు.

ఆయన మెట్లు దిగకముందే పేజీ చినిగింది. నా రాత గుండ్రంగా ఉంటాదని పుస్తకం నా వైపు తోసినారు.

“ఏకగ్రీవంగా” అని రాసినా.

చైనాలో కథను ఆపేదానికి ఆఫీసర్లుంటారు, వాళ్ళకు జీతాలుంటాయి. మనం మేడ మీద గదిలో, చాప మీద కూర్చుని, టీ తాగుతా ఊరికే చేసినాం. ఆపినాక కూడా గోడ మీద “భావ స్వేచ్ఛ” పోస్టర్ అట్లనే ఉండింది. ఎవరికీ అడ్డం రాలేదు.

సారు మళ్ళా మీటింగుకు రాలేదు. నేను క్షమాపణ అడగలేదు. దసరాకు పోదాం, క్రిస్మస్‌కు పోదాం అనుకుంటా ఉండిపోయినా.

కన్వీనర్ అన్నా, ఈ పోస్ట్ డిలీట్ చేస్తావని తెలుసు. చెయ్యి. నాలుగు చోట్ల పెట్టినా.

గ్రేస్ అక్కతో మాట్లాడినా. కథ నోట్‌బుక్ ఇంట్లో భద్రంగా ఉండాదంట. పాస్టరయ్య ఒప్పుకున్నాడు. మట్టి వేసినాక ఆ కథ మొత్తం చదువుతాం, ఒక్క లైను కూడా ఇడ్సకుండా. చదివే ముందు, ఆ పేజీ సంగతి నేనే అందరి ముందర చెప్తా.

సార్, మీకు బతికుండగా చెప్పాల్సింది. చెప్పలేకపోయినా. మిమ్మల్ని ఎవరూ ఏమీ ఒప్పుకోమనని చోట నెమ్మదిగా పండుకోండి.

ఈరోజు సాయంత్రం నాలుగింటికి, కోడుమూరు చర్చి వెనక సమాధుల తోట. చెయ్యెత్తిన తొమ్మిది మందీ రావాల.