సాక్షుల వరండాలో రూతమ్మగారు

రూతమ్మగారు పోయారని మంగళవారం పొద్దున మా కాలేజీ సూపరింటెండెంటు ఫోను చేసినప్పుడు నేను నమ్మలేదు. ఏళ్ళ తరబడి నా కోతలు విని విసిగిపోయినవాళ్ళు అప్పుడప్పుడు నాకే ఒక అబద్ధం వడ్డించి కక్ష తీర్చుకుంటుంటారు. ఇదీ అలాంటిదేననుకుని, పొద్దున్నే ఇదేం సరసమండీ అన్నాను. అంత్యక్రియలు రేపేనండి అని ఆయన చెప్పాకే నమ్మాను. ముందురోజు సాయంత్రం ఆవిడ పటమటలో తన ఇంటి ముందు కుర్చీలో కూర్చుని, కాఫీ చల్లారేదాకా ఆగి తాగుదామనుకుని, తాగకుండానే వెళ్ళిపోయారు.

డాక్టర్ రూతమ్మగారు మా కాలేజీలో మనస్తత్వశాస్త్రం బోధించేవారు. పక్క గదిలో నేను తెలుగు చెప్పేవాణ్ణి. నేరం జరిగితే లోకమంతా నేరస్థుణ్ణి చూస్తుంది. ఆవిడ దృష్టి ఆ నేరపు మరక అంటిన తక్కినవారి మీద ఉండేది: సాక్షులు, హతుల భార్యలు, జైలు వార్డర్లు, బందోబస్తుల్లో నిలబడి నిలబడి కాళ్ళు వాచిన కానిస్టేబుళ్ళు. న్యాయమనే మహాయంత్రం తిరిగేటప్పుడు దాని పళ్ళ మధ్య పడిన మనస్సు ఏమవుతుందన్నది ఆవిడ ఆజన్మ జిజ్ఞాస. దాని కోసం తొంభైల్లో ఏళ్ళకేళ్ళు విజయవాడ కోర్టు వరండాలో ఒక మడత కుర్చీ వేసుకు కూర్చున్నారు.

గురువారం కాలేజీ హాల్లో సంతాపసభ జరిగింది. పటానికి బంతిపూల దండ, వెనక బల్ల మీద సమోసాలు. విశ్రాంత పోలీసు అధికారి ఒకాయన మైకు పట్టుకుని, మా శాఖకు ఆ మహాతల్లి చేసిన సేవ మరపురానిదని గద్గదస్వరంతో సెలవిచ్చారు. ఆ మహాతల్లి పరిశోధనను ఒక్క సంతకంతో ఆపించిన చెయ్యి ఆయనదే. అదే చెయ్యి ఇప్పుడు రుమాలుతో కళ్ళు ఒత్తుకుంటోంది. ఆ హాల్లో సగం మందికి ఆ సంగతి తెలుసు. తెలిసీ చప్పట్లు కొట్టారు. నేను లేచి కుళాయి దగ్గరికి పోయి మొహం కడుక్కున్నాను. ఆ రోత కక్కుకోవడానికే ఈ వ్యాసం రాస్తున్నాను. సంస్మరణ వ్యాసానికి ఇది తగని మాటే, మన్నించాలి.

ఆ వరండా గురించి చెప్పాలి. మే నెలలో ఆ రేకుల కింద బొమ్మిడాయి చేపలను చింతపండుతో పెట్టి వదిలేస్తే మధ్యాహ్నానికి పులుసు అయ్యేది. సాక్షులు తెల్లారకముందే పల్లెల నుంచి బస్సెక్కి వచ్చి, సాయంత్రం దాకా నిలబడి, వాయిదా పడిందని విని తిరిగి వెళ్ళేవారు. మంచినీళ్ళు ఇచ్చేవాడు లేడు, కూర్చోమనేవాడు లేడు. నేరం చేసినవాడికి కనీసం పక్కన ఇద్దరు పోలీసులైనా తోడుండేవారు. చూసిన పాపానికి సాక్షికి ఎవరూ లేరు. రూతమ్మగారు మొదట్లో ఇంగ్లీషు పుస్తకాల్లోని ప్రశ్నావళిని నా చేత తెలుగులో రాయించుకుని పట్టుకెళ్ళారు. మీ ఆందోళన తీవ్రత ఎట్టిది అని నేను గ్రాంథికంగా దిద్దిపెట్టిన ప్రశ్నకు ఉయ్యూరు రైతు ఒకాయన లేచి నిలబడి దణ్ణం పెట్టాడు. మర్నాటి నుంచి ఆ కాగితాలు మానేశారు.

తర్వాత ఆవిడ పద్ధతి వేరు. ఏం చూశారని ఎవరినీ అడిగేవారు కాదు. పొద్దున ఏం తిన్నారు, ఎవరికి చెప్పి వచ్చారు అని మొదలుపెట్టి, ఆ ఘటనకు ముందు ఎక్కడున్నారు, తర్వాత ఎక్కడికెళ్ళారు, అక్కడేం తాగారు అని అంచుల వెంబడి తిప్పేవారు. అందరికీ ముందుగా ఒక మాట ఇచ్చేవారు: మీరు చెప్పింది ఈ వరండా దాటదు. ఆ మాట మీద నమ్మకంతోనే జనం నోరు విప్పారు.

జ్ఞాపకం గురించి ఆవిడ నాకు నేర్పిన పాఠం ఒకటుంది. ఒక జూలైలో నా చేత స్టాఫ్‌రూములో ఒక కోత కోయించారు. అంతకుముందు ఏడాది వార్షికోత్సవంలో గేదె ఒకటి వేదికెక్కి ముఖ్య అతిథి మెడలో దండ తినేసిందని చెప్పాను. దసరా సెలవుల ముందు ఆవిడ ఒక్కొక్కరినీ విడిగా కదిపారు. ఎకనామిక్స్ ఆయన ఆ గేదెను తన గొడుగుతోనే అదిలించానన్నాడు. ఫిజిక్స్ ఆయన దాని ఎడం కొమ్ము విరిగి ఉందని సాక్ష్యం పలికాడు. ప్రమాణ పూర్తిగా చెబుతున్నాను, ఆ కొమ్ము విరగ్గొట్టింది నేను కాదు. అదంతా కల్పన అని చివరికి బయటపెడితే ఎకనామిక్స్ ఆయన నన్ను జాలిగా చూసి, ఆ రోజు మీరు రాలేదేమోనండి అన్నాడు. నవ్వి నవ్వి నాకు పొలమారింది. రూతమ్మగారు నవ్వలేదు.

"వీళ్ళల్లో ఒక్కరూ అబద్ధమాడటం లేదు మాస్టారూ. నాకు భయమేస్తోంది" అన్నారు.

ఆ భయం ఎంత న్యాయమైనదో బాషాగారి విషయంలో తెలిసింది. హనుమాన్ జంక్షన్ దగ్గర హైవే మీద బాషాగారికి పంక్చర్ల షాపు ఉండేది. ఒక తెల్లవారుజామున ఆ పక్కనే ఒక లారీ డ్రైవరును పొడిచి చంపారు. పొడిచినవాడు పరిగెత్తుతుంటే బాషాగారు చూశారు. కొన్నాళ్ళకు పోలీసులు కోటేశు అనే లారీ క్లీనరును పట్టుకున్నారు. జైల్లో మేజిస్ట్రేటు ముందు ఒకే ఈడు మనుషులను వరసగా నిలబెట్టి గుర్తించమంటే, బాషాగారు తడుముకోకుండా కోటేశు భుజం మీద చెయ్యి వేశారు. ఎడమ కనుబొమ్మ మీది గాటే ఆనవాలు అన్నారు. కేసు వాయిదాల మీద వాయిదాలు పడుతోంది. బెయిలుకు నిలబడే దిక్కులేక కోటేశు ఏళ్ళుగా లోపలే ఉన్నాడు. బాషాగారి సాక్ష్యం తప్ప వేరే ఆధారం లేదు. ఆయన బోనెక్కి ఆ మాటే చెబితే యావజ్జీవం ఖాయం.

రూతమ్మగారు వరండాలో ఆయనను పలకరించిన రోజున నేను పక్కనే ఉన్నాను. ఎప్పటిలాగే అంచుల వెంబడి వెళ్తూ, జైలుకు వెళ్ళే ముందు ఎక్కడున్నారు సాయిబుగారూ అని అడిగారు.

"రెండ్రోజుల ముందు హెడ్డు కానిస్టేబులుగారు స్టేషనుకు రమ్మన్నారండి. బెంచీ మీద కూర్చోబెట్టారు. ఎండాకాలం గదా, నోరెండిపోయింది. అక్కడ ఊడుస్తున్న కుర్రాడు కుండలో నీళ్ళు ముంచి ఇచ్చాడు. మంచోడు పాపం. ఇక్కడ కనుబొమ్మ మీద గాటు, ఏంటయ్యా అని అడుగుదామనుకున్నా."

చెప్పి, తానేం చెప్పాడో తనకే తెలియకుండా బీడీ ముట్టించుకున్నాడు. ఆ కుర్రాడు కోటేశే అన్నమాట. అరెస్టు చూపించకుండా స్టేషన్లో ఉంచుకున్న అనుమానితుల చేత గదులు ఊడ్పించడం, నీళ్ళు మోయించడం, టీలు తెప్పించడం ఆ స్టేషను ఆనవాయితీ. దాహమన్నవాడికి నీళ్ళిచ్చిన మొహమే ఆ ముసలాయన బుర్రలో మిగిలింది. పరిగెత్తిన మొహం చెరిగిపోయింది. దాని చోట ఇది వచ్చి కూర్చుంది. ఒక మనిషి దయే అతని మెడకు ఉరితాడైంది. ఇంతకన్నా ఏవగింపు కలిగించే సంగతి నా యాభై ఏళ్ళ కోతల జీవితంలో నేను కల్పించి కూడా చెప్పలేదు.

వెనక్కి వస్తూ ఏలూరు కాలవ గట్టు మీద ఆవిడతో వాదం వేసుకున్నాను. డిఫెన్సు వకీలుకు చెప్పేస్తే తీరిపోతుంది కదా అన్నాను. వరండా దాటదని మాట ఇచ్చానన్నారు. పోనీ బాషాకే చెప్పండి, నువ్వు పొరబడ్డావయ్యా అని, అన్నాను.

"అప్పుడు ఆ హెడ్డుకీ నాకూ తేడా ఏముంది మాస్టారూ? ఆయన ఒక మొహం పెట్టాడు. నేనొక మొహం తీసేస్తాను. ఆ బుర్ర సాయిబుగారిది."

తర్వాతి వాయిదాకు ఆవిడ చేసిందల్లా, సాయిబుగారూ మొదటి నుంచీ ఇంకోసారి చెప్పండి, తొందరేం లేదు అనడమే. ఆయన చెప్పుకుంటూ వచ్చి నీళ్ళ దగ్గర ఆగిపోయాడు. చేతిలో బీడీ కాలి వేలికి అంటుకునేదాకా కదల్లేదు.

"అమ్మా, ఇన్నాళ్ళూ నేను ఎవర్ని చూసినట్టు?" అన్నాడు.

ఆవిడ లేచి తన మడత కుర్చీ ఆయన వైపు జరిపారు. ఈ మాట కోర్టులో అంటే పోలీసోళ్ళు నన్ను బతకనిస్తారా అని ఆయన అడిగాడు.

"ఏమో సాయిబుగారూ. ఇవ్వకపోవచ్చు. మీరు ఏం చెప్పినా సరే, ఆ రోజు నేను కోర్టులో ఉంటాను."

ఆ రోజు వచ్చింది. పొద్దున హెడ్డు రివాజు ప్రకారం బాషాగారిని హోటలుకు తీసుకెళ్ళి, పెసరట్టు పెట్టించి, పాఠం వల్లె వేయించాడు. బోనెక్కాక ఆ ముసలాయన ఖురాను మీద ప్రమాణం చేసినంత నెమ్మదిగా నీళ్ళ సంగతి చెప్పేశాడు. పబ్లిక్ ప్రాసిక్యూటరు భగ్గుమన్నాడు. సాక్షి ఎదురు తిరిగాడని ప్రకటించి, ఎవరు నేర్పారయ్యా నీకు ఈ కథ అని నిలదీశాడు. బాషాగారు అమాయకంగా రూతమ్మగారి వైపు చూశారు. హాలంతా అటు తిరిగింది. జడ్జిగారు ఎవరమ్మా మీరు అన్నారు.

"పాఠాలు చెప్పుకునేదాన్నండి. నేను అడిగింది ప్రశ్న. జవాబు ఆయనది."

కోటేశు సంశయలాభం కింద విడుదలయ్యాడు. తీర్పులో బాషాగారిని విశ్వసించదగని సాక్షి అని రాశారు. పొరపాటు చెప్పినంతకాలం ఆయన పోలీసులకు ఆణిముత్యం, నిజం చెప్పిన పూట అబద్ధాలకోరు. ఆ తర్వాత షాపు ముందు రోజూ ఒక జీపు ఆగడం మొదలైంది. ఆయన షాపు ఎత్తేసి గన్నవరంలో కూతురింటికి పోయారు. రూతమ్మగారు సాక్షులను పాడు చేస్తున్నారని పై అధికారి, మొన్న సభలో కళ్ళు ఒత్తుకున్నాయనే, కాలేజీకి రాశాడు. మా యాజమాన్యం వణికిపోయి మెమో ఇచ్చింది. కోర్టు వరండాలో ఆవిడ కుర్చీ వేయకూడదన్నారు. ఆ పరిశోధన అంతటితో ఆగింది. ఎకనామిక్స్ ఆయన, గేదెను అదిలించిన ఆ మహానుభావుడే, ఆవిడ స్టాఫ్‌రూములోకి వస్తే పేపరు అడ్డం పెట్టుకునేవాడు. తర్వాత కొన్నేళ్ళకు అదే శాఖవారు ఏసీ హోటల్లో సాక్షుల మనస్తత్వం మీద సదస్సు పెట్టారు. ఆవిడను పిలవలేదు. ఉపన్యాసాల్లో సగం ఆవిడ మాటలే వినపడ్డాయి. ఎవరి నోట విన్నానో రాస్తే ఈ పత్రిక కాగితం కూడా ముక్కు మూసుకుంటుంది.

అయితే ఇవేవీ ఆవిడను బాధించగా నేను చూడలేదు. బాధించింది తీర్పు రోజు వరండాలో ఎదురైన మనిషి. హతుడైన డ్రైవరు భార్య నాంచారమ్మ, చల్లపల్లి దగ్గరి ఊరు. ప్రతి వాయిదాకూ వచ్చి గోడ వారన కూర్చునేది. ఆ రోజు లేచొచ్చి దారికి అడ్డం నిలబడింది.

"మా ఆయన్ని చంపినోణ్ణి వదిలించేశారు గదండీ. ఇప్పుడు నేనెవర్ని తిట్టుకోవాలి?"

నేను కల్పించుకుని న్యాయం, ధర్మం అంటూ ఏదో మొదలుపెట్టాను. రూతమ్మగారు నా చెయ్యి పట్టి ఆపారు. కోటేశు నిర్దోషి అని ఆవిడ ఎప్పుడూ అనలేదు. బాషాగారు చూసింది అతణ్ణి కాదు, అంతవరకే నాకు తెలుసు అనేవారు. మరి చూసింది ఎవరిని? ఆ ప్రశ్న పోలీసులది. వాళ్ళు దాన్ని కట్ట కట్టి అటక మీద పడేశారు. దొరికినవాడు జారిపోయాడన్న ఉక్రోషమే తప్ప, చంపినవాడు ఎక్కడో తిరుగుతున్నాడన్న ధ్యాస ఒక్కడికీ లేదు.

అప్పటి నుంచి రూతమ్మగారు వీలైనప్పుడల్లా చల్లపల్లి వెళ్ళి నాంచారమ్మను వెంటబెట్టుకుని హనుమాన్ జంక్షన్ స్టేషనుకు వెళ్ళేవారు. కేసు ఏమైందండీ అని అడిగేవారు. అధికారులు మారేవారు, కసిరేవారు, నవ్వేవారు, టీ ఇచ్చి పంపేసేవారు. ఆవిడ మళ్ళీ వెళ్ళేవారు. ఒకసారి నేనూ వెళ్ళాను. ఎస్సై కుర్చీ చూపగానే నేను అందుకుని పాండవుల అజ్ఞాతవాసం దగ్గర నుంచి చెప్పుకుంటూ వచ్చాను. ఆయన బాగా నవ్వాడు. బయటికి వచ్చాక చూస్తే మేం అడగాల్సింది అడగనేలేదు. జనం నా కథలు వినడానికి వస్తారు. ఆవిడ దగ్గరికి తమది చెప్పుకోవడానికి వచ్చేవారు. ఈ ఊళ్ళో మాట్లాడేవాళ్ళకు కరువు లేదు. సంతాపసభలో అందరం మాట్లాడాం. ఎదుటివాడి నోట్లో మాట పెట్టకుండా ఒక ప్రశ్న అడిగి, జవాబు వచ్చేదాకా ఓపిక పట్టే మనిషి ఆవిడ ఒక్కరే. ఆ సహనమూర్తికి నా జోహార్లు. ఆ స్థానాన్ని ఎవరో భర్తీ చేస్తారని రాస్తే, నేను చెప్పిన కోతలన్నిటిలో అదే పెద్దదవుతుంది.

సభకు ముందురోజు, బుధవారం, సమాధుల తోటలో ప్రార్థన అయిపోయి జనం చెదిరిపోయాక నాంచారమ్మ వచ్చింది. బస్సు ఆలస్యమైందట. పచ్చి మట్టి పక్కన చాలాసేపు కూర్చుంది. లేచి కొంగుతో చేతులు తుడుచుకుంటూ, వచ్చే నెలలో కొత్త ఎస్సైగారి దగ్గరికి వెళ్దామన్నారండి అమ్మగారు, ఇప్పుడు నాతో ఎవరొస్తారు అంది.

నేనొస్తానమ్మా అన్నాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. కోపంగా కాదు.

"మీరు అడగలేరండి. మీరు చెప్తారు" అని, బస్సుకు టైమైందని వెళ్ళిపోయింది.