అత్తగారి మాఘస్నానం, డాబా మీద రాగిరేకు

మాఘమాసం ఇరవై మూడో రోజు తెల్లవారుజామున మా అత్తగారు తడిచీరతో స్నానాలగది నుంచి బయటికొచ్చి, గోడమీది స్విచ్చు చూసి నిలబడిపోయారు. స్విచ్చు పక్కన చిన్న ఎర్రదీపం వెలుగుతోంది. నేను నాలుగడుగుల దూరంలో, అప్పుడే వచ్చిన పేపరు పట్టుకుని కూర్చున్నాను. అయినా ఆవిడ నాతో నేరుగా మాట్లాడరు. పెళ్లయిన నాటినుంచి మా మధ్య మాటలన్నీ మా ఆవిడ మీదుగానే నడుస్తాయి.

"ఏమే, ఆ ఎర్రదీపం ఏంటో మీ ఆయన్నడుగు."

"అది సోలార్‌దేనండి," అన్నాను.

"సూర్యుడింకా లేవలేదు కదా, ఆయన దీపం ఎలా వెలుగుతోందో అడుగు."

ఐదేళ్ల నోముకు గండం వచ్చిపడింది.

ఐదేళ్లు వరసగా మాఘస్నానాలు చేస్తానని మా అత్తగారు మొక్కుకున్నారు. నెలంతా సూర్యోదయానికి ముందే చన్నీళ్ల స్నానం. ఒక్కరోజు తప్పినా మళ్లీ మొదటి ఏడాది నుంచి మొదలు. నాలుగేళ్లు రాజమండ్రి రేవులో గోదావరిలోనే మునిగారు. ఐదో ఏడు వచ్చేసరికి డెబ్బై ఒకటి నిండాయి, ఆయాసం పట్టుకుంది. చన్నీళ్లు తగిలితే ఆస్పత్రిలో చేరాల్సిందేనని డాక్టరుగారు. నిప్పు తగిలిన నీళ్లు నోముకు పనికిరావని ఆవిడ.

అది రెండువేల ఐదు ప్రాంతం. సోలార్ హీటర్ల మీద మా పేపర్లో నేనప్పుడే ఒక వ్యాసం రాసి ఉన్నాను. రాసినవాడికి తెలియనిదేముందన్న ధీమాతో, నిప్పు లేకుండా వేడెక్కే నీళ్లున్నాయని ఇంట్లో ప్రకటించాను. వెంటనే సిద్ధాంతిగారిని పిలిపించారు.

ఆయనకు కాగితం మీద బొమ్మ గీసి చూపించాను. అద్దం మూత ఉన్న పెట్టె. లోపల నల్లరంగు పూసిన రాగిరేకు, దానికి అతికిన రాగిగొట్టాలు. నలుపు ఎండను తాగుతుంది, అద్దం ఆ వేడిని బయటికి పోనివ్వదు. గొట్టాల్లో నీళ్లు వేడెక్కి, తేలికై, వాటంతటవే పైనున్న ట్యాంకులోకి ఎక్కుతాయి. ట్యాంకు అడుగునున్న చల్లనీళ్లు బరువుకి పెట్టెలోకి దిగుతాయి. మోటారు అక్కర్లేదు. ట్యాంకు చుట్టూ మందపాటి పొర ఉంటుంది కనుక సాయంత్రం వేడి తెల్లారేదాకా నిలుస్తుంది.

"మధ్యాహ్నం చెరువులో నీళ్లు గోరువెచ్చగా ఉంటాయి. వాటిని వేణ్ణీళ్లంటామా అమ్మా? అనం. ఇవీ అంతే," అన్నారు సిద్ధాంతిగారు.

"చెరువు డాబా మీద ఉండదు కదండి."

"డాబా మీదున్న చెరువనుకోండి."

కొట్లో రెండు రకాలు చూపించారు. ఒకటి నేను గీసిన పెట్టె. రెండోది వరసగా గాజుగొట్టాలు. ఒక్కో గొట్టానికి రెండు పొరలు, మధ్యలో గాలి తీసేసి ఉంటుంది. "వేడి బయటికి పోనే పోదండి, అచ్చం ఫ్లాస్కే," అన్నాడు కొట్టాయన. అక్కడే చెడింది బేరం.

"ఫ్లాస్కా? ఆస్పత్రికి కాఫీ పట్టుకెళ్లేదా? దాంట్లో నీళ్లతో మాఘస్నానమా?" అన్నారు అత్తగారు.

"పోనీ ఇది చూడండమ్మా. లోపలంతా రాగి."

రాగి మడికి పనికొస్తుంది. పెట్టె ఖాయమైంది. రాగికి నల్లరంగు పూయడం మాత్రం ఆవిడ మనసుకు పట్టలేదు. "చింతపండుతో తోమితే మెరిసిపోదుటే?" అన్నారు మా ఆవిడతో. తోమితే నీళ్లు వేడెక్కవని నచ్చచెప్పడానికి వారం పట్టింది.

బిగించేటప్పుడు మెకానిక్కు నాకొక్కడికే ఇంకో మాట చెప్పాడు. మబ్బు రోజులకని ట్యాంకులో కరెంటు కాయిల్ కూడా ఉంటుందట. కాయిల్ అంటే పొయ్యికి చుట్టమే. దాన్ని చెరువనిపించడం సిద్ధాంతిగారి వల్ల కూడా కాదు. నేనెవరికీ చెప్పలేదు.

ఇరవై రోజులు ఎండ బాగా కాసింది. ఆపైన రెండు రోజులు మంచు, మబ్బు. ఇరవై రెండో రోజు సాయంత్రం కొళాయి తిప్పి చూస్తే నీళ్లు వెచ్చగా ఉన్నట్టూ ఉన్నాయి, లేనట్టూ ఉన్నాయి. ఆవిడ ఆయాసం గుర్తొచ్చి స్విచ్చు వేశాను.

ఇదంతా నేను ఒప్పుకున్నాక అత్తగారు తల తుడుచుకుంటూ అన్నారు: "నోము నాది, నిప్పు ఆయనది. పుణ్యంలో వాటా ఎంత కావాలో అడగవే."

మెకానిక్కును పిలిచాం.

"దీపం వెలిగితే కాయిల్ కాలినట్టు కాదండి. థెర్మోస్టాట్ ఉంటుంది. నీళ్లు బాగా చల్లారితేనే కాయిల్ అందుకుంటుంది, లేకపోతే ఊరుకుంటుంది."

"అందుకుందో ఊరుకుందో చెప్పమను."

"నేనక్కడ లేను కదమ్మా!"

సిద్ధాంతిగారు ఇంకా సులువుగా తేల్చారు. "అందుకుంటే నోము భంగం, ఊరుకుంటే లేదు. ఏది జరిగిందో మీరు చెప్పండి, మిగతాది నేను చెబుతాను."

కరెంటు మీటరు చూద్దామంటే ముందురోజు అంకె ఎవరూ రాసుకోలేదు. ఊళ్లోవాళ్ల మాటల్ని రెండుసార్లు సరిచూసుకుంటేగాని అచ్చుకివ్వని నేను, మా ఇంటి మీటరు వంకే చూడలేదు. నీళ్లు ఎలా ఉన్నాయమ్మా అని మా ఆవిడ అడిగితే, "నీళ్లలాగే ఉన్నాయి," అన్నారు.

కాయిల్ తీగ పీకించి, మిగిలిన ఏడు రోజులూ ఆవిడ స్నానాలు పూర్తిచేశారు. తర్వాత కూడా ఏ మాఘమూ వదల్లేదు. అయితే ఆ ఏడాది నోము చెల్లిందో లేదో తేలందే మళ్లీ ఒకటి నుంచి లెక్కపెట్టనని ఆవిడ పట్టు కనుక, ఉద్యాపన మాత్రం ఇంకా జరగలేదు.