తలుపు తీసింది నేనే

సెంగ్‌కాంగ్ అనే పేటలో ఫ్లాట్ల బ్లాకు కింద ఉన్న ఒక చిన్న కిండర్‌గార్టెన్‌లో నేను ఆఫీసు పని చూస్తాను. బడుల భద్రతకు ప్రభుత్వం గ్రాంటు ఇస్తోందని తెలియగానే ప్రిన్సిపాల్ దరఖాస్తు రాసే పని నాకు అప్పగించింది. కెమెరాలు, రెండో తలుపు ఎందుకు కావాలో రాసి ఒప్పించాలి.

రాయడం మొదలుపెట్టాక నాకు కుదురు పోయింది. ఎటు చూసినా సందులే కనిపించేవి. కిటికీ గడియలు కదిలించి చూసేదాన్ని. ఇంటికి వెళ్లే బస్సెక్కి, వెనక గేటు వేశానో లేదోనని మళ్లీ దిగేదాన్ని.

గడువు ఇంకా రెండు రోజులుంది. పిల్లలు ఇళ్లకు వెళ్లే వేళ. తలుపు తెరిచే బటన్ నా బల్ల మీదే ఉంటుంది; బెల్ మోగితే అద్దంలోంచి ఎవరొచ్చారో చూసి నొక్కాలి. బయటివారి రాకపోకలను ఎలా అదుపు చేస్తున్నారన్న ప్రశ్నకు జవాబు టైపు చేస్తున్నాను. బెల్ మోగింది. తలెత్తకుండానే నొక్కాను.

కాసేపటికి టీచరు వచ్చి, నాలుగేళ్ల పాప ఒకతె కనిపించడం లేదంది. బాత్రూములు, బొమ్మల గది వెతికాం. చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి పరుగెత్తాను. లిఫ్టుల దగ్గర లేదు. కార్ పార్కు మధ్యలో ఎటు వెళ్లాలో తెలియక నిలబడిపోయాను. వెనక్కి వస్తున్న కారు ఒకటి నన్ను చూసి ఆగింది. పాపయితే ఆ డ్రైవరుకు కనిపించేదే కాదు.

అవతలి కాఫీ షాపులో, చేపల తొట్టి ముందు పాప ఉంది. ఒక పెద్దావిడ దాని చెయ్యి పట్టుకుని కూర్చుంది.

"ఆంటీ, ఐ సీ ఫిష్ ఓన్లీ లా," అంది పాప.

"అమ్మయ్య," అన్నాను. అది విని ఆవిడ తెలుగులోనే మాట్లాడింది. తాతల కాలంలో విశాఖ వైపునుంచి ఈ దేశానికి వలస వచ్చిన కుటుంబమట.

"ఒక్కతే తనియా వచ్చిందిమా, తోడు ఎవరూ లేరు. అందుకే చెయ్యి విడవలేదు. మీ తలుపు మెల్లగా మూస్తాది. తాత ఒకరు లోపలికి పోయినారు, ఇది బయటికి వచ్చేసింది."

దరఖాస్తులో, గత ఏడాది జరిగిన ఘటనల గడిలో 'లేవు' అని ముందే రాసి ఉంచాను. అలాగే ఉండనిమ్మని ప్రిన్సిపాల్ అంటుందేమోనని ఆశపడ్డాను. ఆమె మాత్రం ఆ గడిలో ఏముందని అడిగి, నా వెనకే నిలబడింది. 'లేవు' చెరిపి, జరిగింది రాశాను.

సాయంత్రం పాప తల్లి ఆఫీసునుంచి వచ్చింది. ఆమెది కరీంనగర్. "చూడకుండా బటన్ నొక్కింది నేనే," అన్నాను.

ఆమె పాపను దగ్గరికి తీసుకుంది. తర్వాత, "ఏ తొవ్వల పోయిందో చూపెట్టండి అక్కా," అంది.

ముగ్గురం నడిచాం. పాప ఉత్సాహంగా దారి చూపించింది. కార్ పార్కు దగ్గర తల్లి ఆగిపోయింది.

"ఇది ఇక్కడ దాటేటప్పుడు కార్లు తిరుగుతున్నయా?"

"తెలియదమ్మా. నేను చూడలేదు."

పాపను ఎత్తుకుని వెళ్లిపోయింది. మూడు రోజులు బడికి పంపలేదు. నేను తలుపు దగ్గరికి, బల్ల దగ్గరికి తిరుగుతూనే ఉన్నాను. నాలుగో రోజు తీసుకొచ్చింది.

"మీరు ఉన్నదున్నట్టు చెప్పిన్రు కాబట్టే తెచ్చిన. కానీ మనసు ఊకుంటలేదు."

"నాదీ అంతేనమ్మా," అన్నాను.

కొన్ని నెలలకు గ్రాంటు వచ్చింది. రెండో తలుపు బిగించారు. ఒకటి మూసుకుంటేగాని రెండోది తెరుచుకోదు. మొదటి రోజు ఆ తల్లి దాన్ని రెండుసార్లు గట్టిగా నెట్టి చూసింది. కదల్లేదు.

"గట్టిగనే ఉంది," అంది. "ఇయ్యాల లోపల ఎవరుంటరు అక్కా?"

"నేనే."

సరేనని తలూపింది. అయినా ట్రైనుకు వేళవుతున్నా, పాప తరగతిలోకి వెళ్లి కూర్చునేదాకా అద్దం బయటే నిలబడింది.